ఒకటి దాటని ముల్లు

మా ఆయనకి పిచ్చి పట్టిందని కింది ఇంటి నిషివాకి గారు కాలనీ అంతా చాటింపు వేసిన ఏడాది అది. ఆవిడ తప్పు ఆవగింజంత కూడా లేదు. ఆ వానాకాలంలో మా ఇంటికి ఎక్కొచ్చిన ఆంప్లిఫైయర్లని చూస్తే ఎవరైనా అదే మాట అంటారు. లిఫ్టు లేని నాలుగో అంతస్తు మాది. బియ్యం బస్తా మోసినట్టు భుజాన వేసుకుని ఒకదాని తర్వాత ఒకటి మోసుకొచ్చేవాడు మా ఆయన తదాషి. వచ్చిన ప్రతిదీ ముందుదాని కంటే బరువు.

ముందు మా ఆయన తండ్రి, మావయ్య సంగతి చెప్పాలి. మావయ్య ఇవాకిచి అవాజి ద్వీపం మనిషి. కోబె ఓడల కార్ఖానాలో బాయిలర్ లోపల కూర్చుని, రేకులు అతికే రివెట్లు పట్టుకునే పని చేశాడు. బయట నించి సుత్తులు పడుతుంటే లోపల చెవులు గింగురుమంటూ ఉండేవట. చెవుడొచ్చిందంటే వింతేముంది? కంపెనీవాళ్ళు ఇచ్చిన చెవి మిషను పెట్టుకుంటే కుక్క ఏడ్చినట్టు ఏడ్చేది. దాన్ని తీసి సాక్సుల డ్రాయర్లో పారేశాడు.

ఆయనకి ఉన్న ఒకే ఒక్క సుఖం బొమ్మలాట పాట. అవాజిలో బొమ్మలాడితే కథ పాడేది ఈయన, పక్కన కూర్చుని షామిసెన్ మూడు తీగలూ మోగించేది మా అత్తయ్య కికునో. అత్తయ్య పోయాక కూడా ఆ జోడీ విడిపోలేదు. ఆవిడ ఉండగా తదాషి టేపు మీద ఆవిడ వాయిద్యం ఒక్కటే ఎక్కించి పెట్టాడు. ఏటా బోన్ పండక్కి, పోయిన పెద్దలు ఇంటికొచ్చే సాయంత్రం, బాల్కనీలో నిప్పు వేసి ఆవిణ్ణి పిలిచేవాళ్ళం. మావయ్య ఇస్త్రీ కిమోనో కట్టుకుని, పూజగూడు ముందు పుస్తకం పీట వేసుకుని కూర్చునేవాడు. టేపులో అత్తయ్య వాయించేది, పీట ముందు మావయ్య పాడేవాడు. మధ్యమధ్య అత్తయ్య "హా!" అని ఒక కేక వేస్తుంది. ఆ కేక మీదే ఆయన గొంతెత్తాలి.

"ఏడాదికోసారి వచ్చే మనిషి. వస్తే ఊరికే కూర్చోబెడతామా?" అనేవాడు.

ఆ ఏడు వానలు మొదలవగానే ఎప్పట్లాగే సాధనకి కూర్చున్నాడు. తదాషి టేపు పెట్టాడు. తీగ మోగింది. అత్తయ్య "హా!" అంది. మావయ్య కదల్లేదు. తీగ మళ్ళీ మోగింది, ఇంకో కేక కూడా వెళ్ళిపోయింది. ఆయన మా ఆయన మొహంలోకి చూసి విసుక్కున్నాడు.

"మొదలెట్టరా అంటే వినపడదా నీకు? చెవుడా?"

మావయ్య కళ్ళు మెల్లగా టేపు వైపు తిరిగాయి. చక్రాలు రెండూ గిరగిరా తిరుగుతున్నాయి. వాటినే కాసేపు చూసి పుస్తకం మూసేశాడు.

ఆ పూట అన్నం వద్దన్నాడు. మర్నాడు రెండు ముద్దలు తిని గిన్నె పక్కకి నెట్టాడు. చేప వేయించి పెడితే పిల్లికి పెట్టమన్నాడు. మాకు పిల్లి లేదు.

"ఈసారి నిప్పు వెయ్యకండి," అన్నాడు ఒకరోజు, ఎవరితోనో అన్నట్టు. "ఆవిడొచ్చి వాయిస్తుంది. నేనేమో వెర్రిమొహం వేసుకుని కూర్చుంటా. చచ్చాక కూడా ఆవిడ పరువు తియ్యాలా? పిలవకండి."

పెళ్ళాన్ని ఇంటికి రావద్దన్న రోజునే ఈయన తన ప్రాణం మీద కూడా ఆశ వదిలేసుకున్నాడని నాకు అర్థమైంది.

తదాషికి మాత్రం వేరేలా అర్థమైంది. "చెవి కాదు నొబుయె, ఆంప్లిఫైయర్ చాలడం లేదు," అన్నాడు.

మా ఆయనకి పాటలు వినేవాళ్ళ జట్టు ఒకటుంది. ఆదివారాలు ఒకళ్ళింట్లో చేరి, ఉలుకూ పలుకూ లేకుండా గోడకేసి చూస్తూ రికార్డులు వింటారు. ఒకళ్ళ సామాను ఒకళ్ళకి అరువిచ్చుకుంటారు. వాళ్ళ దగ్గర్నించి మొదట ఒకటి తెచ్చాడు. ముందువైపు రెండు గాజు కిటికీలు, లోపల నీలం దీపం, ఒక్కో కిటికీలో ఒక్కో ముల్లు. కింద అంకెలు రాసున్నాయి. ఎన్ని వాట్లు స్పీకర్లోకి పోతున్నాయో ఆ ముల్లు చెబుతుందట.

టేపు పెట్టాడు. మాది ఆరు చాపలు పట్టే చిన్న గది. అత్తయ్య పక్కన కూర్చుని వాయిస్తున్నట్టే ఉంది, తలుపుకి అంటించిన కాగితం కూడా సన్నగా వణికింది. వంగి ముల్లు చూశాను.

"ఏవండీ, ఇది ఒకటి దగ్గరే ఊగుతోంది. దీని మీద డెబ్బై దాకా రాసుంది కదా. మిగతావన్నీ ఎందుకు, ఊరగాయ పెట్టుకోడానికా?"

"అదే నీకు తెలీంది. మామూలుగా ఇంట్లో వినడానికి ఒక్క వాటు కూడా ఎక్కువే," అన్నాడు, పాఠం చెప్పే గొంతుతో. "కానీ అమ్మ తీగ మీటిన క్షణం ఉంది చూడు, అప్పుడు ఒక్కసారిగా ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ క్షణంలో చిన్నవి చేతులెత్తేస్తాయి. నాన్నకి అందనిది ఆ ముక్కే."

"మావయ్యకి ఇప్పుడందిందా?"

మావయ్య గొంతెత్తలేదు. మా ఆయన మొహం చూసి, "కాస్త మెరుగేరా," అన్నాడు. ఆ 'కాస్త' అన్న మాట మా ఇంటికి శని అయి కూర్చుంది.

"రెట్టింపు గట్టిగా వినపడాలంటే రెట్టింపు వాట్లు చాలవు, పదింతలు కావాలి," అని లెక్క చెప్పి ఇంకో పెద్దది తెచ్చాడు. అది వచ్చాక శబ్దం పెంచే నాబ్ సగం దాటించాడు. ముల్లు లేచి దబ్బున కుడివైపుకి కొట్టుకుంది. పూజగూట్లో గంట దానంతటదే మోగింది. నేను వంటింట్లోకి పారిపోయాను. మావయ్య మాత్రం పీట ముందు రాయిలా కూర్చుని, "బాగుంది, బాగుంది," అని తలూపాడు. తలైతే ఊపాడు గానీ పాట అందుకోలేదు.

"ఇంకొంచెం కావాలి, అంతే," అన్నాడు తదాషి.

ఆ సాయంత్రమే నిషివాకి గారు తలుపు కొట్టారు. చేతిలో విరిగిన టీ కప్పు పిడి.

"వదినగారూ, ఇది మా అటక మీంచి దూకింది. పోనీలే కప్పు. మా ఆయనది నైట్ డ్యూటీ కదా, సాయంత్రం ఆ కాస్తా కునుకు తీస్తాడు. మీ పైనించి టణంగుమనగానే లేచి కూర్చుని, ఏమే, ఫ్యాక్టరీకి వచ్చేశానా అని నన్నడుగుతున్నాడు!"

నేను నడుం విరిగేలా వంగి దణ్ణాలు పెట్టి, సగం పుచ్చకాయ చేతిలో పెట్టి పంపించాను. ఆ వానాకాలంలో మా ఇంట్లో పుచ్చకాయ ఎప్పుడూ సగమే తిన్నాం.

మావయ్య చిక్కిపోయాడు. చెయ్యి పట్టుకుని లేపుదామని చూస్తే మణికట్టు నా రెండు వేళ్ళ మధ్య ఇమిడిపోయింది. టేపు అయ్యాక గోడ పట్టుకుని నడిచేవాడు. ఒకసారి స్నానాల గదిలో వాంతి చేసుకున్న చప్పుడైంది. అడిగితే ఉక్కకి అన్నాడు.

వాన తెరిపిచ్చిన ఒక పొద్దున్న పరుపులు బాల్కనీ కమ్మీ మీద ఆరేశాను. మావయ్య పరుపు మూల కుట్టు ఊడి ఉంది. లోపలి దూది ఎవరో గిల్లినట్టు పోయింది. ఎలకలేమో అనుకున్నా. నాలుగో అంతస్తు దాకా ఎక్కొచ్చిన ఎలక ఎవత్తోనని తిట్టుకుంటూ ఆయన బట్టలు ఉతకడానికి తీశాను. కిమోనో చేతి మడతలో దొరికాయి, రెండు దూది ఉండలు. నలిగి, గులిమంటి పసుపెక్కి ఉన్నాయి.

వాటిని అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. చెవులు వినపడని మనిషి చెవుల్లో దూది పెట్టుకున్నాడు!

మావయ్య గుమ్మం దగ్గర బార్లీ టీ తాగుతూ కూర్చున్నాడు. వెళ్ళి పక్కన చతికిలపడి, రోజూ చేసినట్టే చెవి దగ్గరికి వంగి మామూలు గొంతుతో అడిగాను.

"మావయ్యా, ఏంటివి?"

ఆయన చూశాడు. టీ కింద పెట్టాడు. "కనిపెట్టేశావా, అమ్మాయ్."

"ఎందుకు మావయ్యా?"

"వాడు పెంచితే చెవిలో మేకు దిగ్గొట్టినట్టుంటుంది. బాయిలర్లో కూడా అంత నెప్పి ఎరగను. బుర్ర తిరిగిపోతుంది."

"పోనీ తగ్గించమంటే?"

"తగ్గిస్తే ఏమీ లేదు. టేపు ఉందో లేదో కూడా తెలీదు. ఆ రెంటికీ మధ్యన నాకు జాగా లేకుండా పోయింది."

"మరి బాగుంది బాగుంది అని గంగిరెద్దులా తలూపుతారేం? నోరు లేదా మీకు?" కోపమొచ్చింది నాకు, ఏడుపు కూడా వచ్చింది.

"వాడి మొహం చూశావా? చిన్నప్పుడు పీత పట్టుకొచ్చి చూపించేవాడు, అరచెయ్యంత ఉండేది కాదు. అలాగే చూస్తాడు ఇప్పుడూనూ. అన్నేసి మెట్లు మోసుకొస్తున్నాడు. బాగాలేదని ఏ నోటితో అనను?"

"నేను చెప్పేస్తాను."

"చెప్పావంటే ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను." ఆయన గొంతు పెంచలేదు. "వాడికి అమ్మ కోసం చెయ్యడానికి మిగిలింది ఇదొక్కటేనమ్మా. అదీ లాక్కోకు."

మాటిచ్చాను. ఇవ్వక ఏం చెయ్యను? ఇటు చూస్తే ముసలాయన రోజూ నెప్పి ఓర్చుకుంటూ నవ్వు మొహం పెడుతున్నాడు. అటు చూస్తే కొడుకు ఆ నవ్వు చూసి ఇంకా పెద్దది వెతుకుతున్నాడు. మధ్యలో నేను. ఆ దూది ఉండలు తీసుకెళ్ళి ఉతికిన కిమోనో మడతలో మళ్ళీ పెట్టేశాను. ఇంకా మెత్తగా ఉంటుందని మందుల పెట్టెలోంచి కొత్త దూది కూడా తీసి పెట్టాను. నా చేతులతోనే పెట్టాను.

వానలు ఆగాయి. ఎండలు వచ్చి పడ్డాయి. కాలనీ సంఘం నోటీసు ఒకటి మెట్ల దగ్గర అతికించింది, పేరు రాయకపోయినా అందరూ మా తలుపుకేసే చూశారు. పండగ ముందు రోజు తదాషి ఇంకో ఇద్దరితో కలిసి, ఆపసోపాలు పడుతూ, రెండువందల వాట్ల భూతాన్ని తీసుకొచ్చి గదిలో దింపాడు. దాని కింద చాప లోపలికి నొక్కుకుపోయింది.

వాళ్ళు వెళ్ళాక నేను ఊరుకోలేకపోయాను.

"ఇంక చాలించండి. ఆ మనిషి కంచం ముట్టి ఎన్నాళ్ళయింది, చూస్తున్నారా? ఈ ముళ్ళూ దీపాలూ చూడ్డమేనా?"

"అందుకే కదా ఇది! ఒక్కసారి అమ్మ కేక చెవిన పడితే వాడంతట వాడే... నాన్నంతట నాన్నే తింటాడు." కంగారులో వాడూ నాన్నా కలిసిపోయాయి ఆయనకి. "నీకు తెలీదు నొబుయె. ఆ టేపు ఎక్కించిన రోజు అమ్మకి జ్వరం. మీటు సరిగ్గా పడటం లేదు, మైకు దగ్గర పెడితే దగ్గు కూడా ఎక్కుతుందని దూరంగా పెట్టా. శబ్దం తక్కువొచ్చింది. మళ్ళీ ఎక్కిద్దాంలే అనుకున్నా. ఆ మళ్ళీ రాలేదు. నాన్నకి అమ్మ వినపడటం లేదంటే అది నా మూలానే."

"కాదండీ. ఆయన చెవుల్లో..." నోటిదాకా వచ్చింది.

"చెవుల్లో?"

"గులిమి," అన్నాను, వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

పండగ సాయంత్రం. మావయ్య నిప్పు వెయ్యద్దన్నా తదాషి ఊరుకోలేదు. బాల్కనీలో మట్టి మూకుడులో పుల్లలు పేర్చి అంటించాడు. పొగ లోపలికొచ్చింది. గోడవైపు తిరిగి పడుకున్న మావయ్య ఆ వాసనకి లేచి కూర్చున్నాడు. మొహం పాలిపోయింది.

"పిలిచేశారూ," అన్నాడు. "పిలిచాక ఇంకేం చేస్తాం. నా కిమోనో ఇలా తే, అమ్మాయ్."

కట్టుకుంటున్నప్పుడు ఆయన చెయ్యి మడతలోకి వెళ్ళింది. నేను అటు తిరిగాను.

పూజగూట్లో దీపం, వంకాయ కూర, చల్లటి సేమ్యా, అత్తయ్య ఫోటో. పీట ముందు మావయ్య నిటారుగా కూర్చున్నాడు. తదాషి టేపు పెట్టి నాబ్ తిప్పాడు. తీగ మోగింది. మోగింది అనకూడదు, గది మీద విరుచుకుపడింది. కింద నిషివాకి గారు చీపురు కర్రతో పైకప్పు పొడవడం మొదలెట్టారు. అది కూడా నాకు పాదాల్లో తెలిసింది గానీ వినపళ్ళేదు.

అత్తయ్య కేక వెళ్ళిపోయింది. మావయ్య ఆగాడు, ఆగి, ఎక్కడో ఒకచోట మొదలెట్టక తప్పదన్నట్టు గొంతెత్తాడు. తప్పు. ఆయన పదం మధ్యలో అత్తయ్య మళ్ళీ "హా!" అంది. ఇద్దరూ ఒకరినొకరు తొక్కుకున్నారు. ఊరంతా మెచ్చిన జోడీ అది! తదాషి పళ్ళు బిగించి నాబ్ ఇంకా తిప్పాడు. ముల్లు కుడివైపు కొట్టుకుంటూనే ఉంది. మావయ్య పీట అంచులు రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళు మూతలు పడ్డాయి, వాటి కిందనించి నీళ్ళు కారుతున్నాయి, గొంతు మాత్రం ఆపలేదు. తప్పుగానే పాడుతున్నాడు, పెద్దగా పాడుతున్నాడు. ఊపిరి అందక ముందుకి వంగాడు.

చెవిలోంచి దూది ఉండ జారి, విప్పి ఉన్న పుస్తకం మీద పడింది.

తదాషి చూశాడు. చెయ్యి చాచి తీసుకున్నాడు. రెండు వేళ్ళ మధ్య దాన్ని అటూ ఇటూ తిప్పాడు. నాకేసి చూశాడు. నేను తల దించుకున్నాను.

నాబ్ వెనక్కి తిప్పాడు. ఇంకా, ఇంకా వెనక్కి. వీధిలో పిల్లల అరుపులు వినపడ్డాయి, మా గోడ గడియారం వినపడింది. ముల్లు ఒకటి దాటి లేవడం మానేసింది. ఆ చప్పుడులో అత్తయ్య ఎక్కడో పక్కగదిలో వాయించుకుంటున్నట్టుంది.

మావయ్య కళ్ళు తెరిచి, "ఆపేశావేంరా?" అన్నాడు బెదురుగా. "బాగుంది కదా. పెట్టు. పెట్టరా."

తదాషి భుజాలు కదులుతున్నాయి. నేను దగ్గరికి జరిగి అన్నాను: "నేను పక్కన కూర్చుని మాట్లాడితే మావయ్యకి వినపడుతుందండీ. మామూలుగానే మాట్లాడతాను."

తదాషి టేపు మొదటికి తిప్పాడు. మోకాళ్ళ మీద పాక్కుంటూ తండ్రి వెనక్కి వెళ్ళి, రెండో చెవిలో దూది తన వేలితో తనే తీశాడు. స్పీకరు పెట్టెని పీట పక్కకి లాగి, మావయ్య అరచెయ్యి పట్టుకుని దాని మీద ఆనించాడు. తీగ మోగింది. మావయ్య వేళ్ళు ఉలిక్కిపడ్డాయి. పెట్టె వైపు చూశాడు, చెయ్యి తియ్యలేదు. మీటు పడినప్పుడల్లా ఆయన బొటనవేలు కదిలింది.

ఆ టేపు మా ఆయనకి కంఠతా వచ్చు. అత్తయ్య ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా తెలుసు. తండ్రి చెవికి పెదాలు ఆనించాడు. టేపులో ఆవిడ కేక వేసిన క్షణానే, పసిపిల్లని నిద్రపుచ్చే గొంతుతో, "హా," అన్నాడు.

మావయ్య అందుకున్నాడు.

అందుకున్న చోటు సరిగ్గా అదే. తీగ, కేక, గొంతు, మూడూ ఒకదాని వెనక ఒకటి వరసలో నడిచాయి. రెండో కేకకీ, ఆ తర్వాతదానికీ తదాషి అలాగే వంగి చెవిలో అన్నాడు. ఆయన చెంపల మీద నీళ్ళు తండ్రి కిమోనో భుజం మీద పడుతున్నాయి, అయినా ఒక్క కేక తప్పలేదు. కింద చీపురు కర్ర ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. నీలం కిటికీలో ముల్లు పడుకునే ఉంది.

కథ అయిపోయింది. టేపు చివర ఊడి చక్రం ఊరికే తిరుగుతోంది. మావయ్య చాలాసేపు పెట్టె మీద చెయ్యి తియ్యలేదు. ఫోటోకేసి చూస్తూ అన్నాడు:

"మీ అమ్మ గొంతు కాస్త బొంగురుపోయిందిరా."

తదాషి ముక్కు తుడుచుకుని, మళ్ళీ చెవి దగ్గరికి వంగాడు.

"దూరం నించి వచ్చింది కద, నాన్నా."

మావయ్య తలూపాడు. పుస్తకం మూసి పీట పక్కకి జరిపాడు.

"అయితే ముందు అన్నం పెట్టమ్మాయ్," అన్నాడు అత్తయ్య ఫోటో వైపు చూపిస్తూ. "ఇద్దరికీ."